రెండు రాష్ట్రాల్లో పనిచేశాక ఉద్యోగం పోతే ఈఎస్ఐ డబ్బులు ఎక్కడ అడగాలి?

ప్రశ్న (అంబాజీపేట):
మా తమ్ముడు తమిళనాడులోని శ్రీపెరంబుదూరులో కాంట్రాక్టరు కింద ఏడాదిన్నర, తర్వాత పటాన్‌చెరులో ఏడాది పనిచేశాడు. రెండుచోట్లా జీతంలో ఈఎస్ఐ కోశారు. ఆర్డర్లు లేవని నెలన్నర కిందట కంపెనీవాళ్లు మానిపించేశారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. ఈఎస్ఐలో నిరుద్యోగ భృతి ఉందట కదండీ, ఏ రాష్ట్రంలో అడగాలి?

జవాబు (భీమవరం):
ఈఎస్ఐ కేంద్రానిదండి, రాష్ట్రం మారినా హక్కు పోదు. పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది, అప్పుడప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు. దరఖాస్తు పెట్టే ముందు ఈఎస్ఐ పోర్టల్‌లో ప్రస్తుత గడువు చూసుకోండి.

పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ ఉన్న ఉద్యోగంలో ఉండాలి. ఈఎస్ఐకి ఏడాదికి రెండు చందా కాలాలు: ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. పని పోవడానికి ముందటి కాలంలో 78 రోజులు, దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా పడి ఉండాలి. పోర్టల్‌లో ఐపీ (బీమా ఉన్న ఉద్యోగి) లాగిన్‌లో నెలవారీగా ఎన్ని రోజులు పడ్డాయో కనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేసుకుని చూడండి.

పని పోయి 30 రోజులు దాటాక అడగొచ్చు, మీవాడికి ఆ 30 రోజులు నిండాయి. యజమాని సంతకం అక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనే పెట్టి, ఆధార్, బ్యాంకు వివరాలు అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్ కాకపోతే ప్రింటు మీద సంతకం పెట్టి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి.

జవాబు (తణుకు):
చాలామందికి దెబ్బకొట్టేది ఈఎస్ఐ ఇన్సూరెన్స్ నంబరు. ఆ పది అంకెల నంబరు జీవితాంతం ఒకటే ఉండాలి. కొత్త కాంట్రాక్టరు పాతది అడక్కుండా ఇంకోటి తీస్తే, శ్రీపెరంబుదూరు రోజులు ఒకదాని కింద, పటాన్‌చెరు రోజులు మరోదాని కింద ఉండిపోతాయి. అప్పుడు రెండేళ్లు పూర్తి కానట్టు చూపిస్తుంది. రెండు నంబర్లుంటే క్లెయిమ్ ఇప్పుడే పెట్టొద్దు. రెండు కంపెనీల పేస్లిప్పులు, ఆధార్ జతచేసి, నంబర్లు కలపమని బ్రాంచి మేనేజరుకు అర్జీ ఇవ్వండి.

పేరు కూడా చూడండి. తమిళనాడులో ఇంటిపేరు బదులు ఇనీషియల్ వేసి రాసేస్తారు, ఆధార్‌తో కలవదు.

ప్రశ్న అడిగినవారు:
నంబరు ఒకటేనండి, పేరూ సరిగానే ఉంది. కానీ చివరి నెలలో "లెఫ్ట్ సర్వీస్" అని ఉంది. ఇబ్బందా?

జవాబు (తణుకు):
ఇబ్బందేనండి. నెలవారీ చందా ఫైల్లో యజమాని కారణం కోడ్ వేస్తాడు: 2 అంటే ఉద్యోగం వదిలేశాడని, 10 అంటే రిట్రెంచ్‌మెంట్, అంటే పని లేక కంపెనీయే తీసేయడం. మానిపించినా చాలాచోట్ల అలవాటుగా 2 కొట్టేస్తారు. స్వచ్ఛంద విరమణకు, క్రమశిక్షణ చర్యతో తీసేసినవారికి ఈ భృతి రాదు, అందుకే 2 చూస్తే ప్రశ్నలొస్తాయి. పని లేక తీసేశామని కంపెనీతో ఉత్తరం రాయించుకుని క్లెయిమ్‌తో పెట్టండి. వాట్సాప్ మెసేజీ కన్నా లెటర్‌హెడ్ మీది కాగితం మేలు.

జవాబు (భీమవరం):
డబ్బు లెక్క: గత నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు, అందులో 50 శాతం రోజుకు. జీతం మొత్తం 3,65,000 అయితే సగటు 500, మీకొచ్చేది రోజుకు 250. గరిష్ఠం 90 రోజులు, అంటే 22,500. మధ్యలో ఖాళీగా ఉన్న రోజులూ భాగహారంలో పడతాయి కాబట్టి అనుకున్న దానికన్నా తగ్గితే కంగారు పడకండి. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. మధ్యలో పని దొరికితే, పాత పని పోయిన రోజు నుంచి కొత్తదానిలో చేరిన రోజు వరకే.

ఒకటి మరిచిపోవద్దు: మన వైపు పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాలు ఎక్కువ. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. ఈఎస్ఐ రికార్డులో ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. పాసుబుక్కు మార్పించి యూబీఐఎన్ కోడ్ ఎక్కించాకే క్లెయిమ్ నొక్కండి.