అప్‌డేట్: ఎర్త్ అవర్‌కి మా అపార్ట్‌మెంట్ లైట్లు ఆర్పించాం, గార్డెన్ లైట్ల సంగతి కూడా తేలింది

ఎర్త్ అవర్ అంటే వాతావరణ మార్పు గురించి గుర్తుచేయడానికి ఏటా ఒక గంట లైట్లు ఆర్పే కార్యక్రమం. దానికోసం మార్చి చివర్లో ఒక శనివారం రాత్రి 8:30 నుంచి 9:30 దాకా, బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో అందరి చేతా లైట్లు ఎలా ఆర్పించాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ.

పనిచేసింది పిల్లల్ని ముందుపెట్టమన్న సలహా. వాట్సాప్ పోస్టర్‌ని ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు తలుపు తట్టి "ఆంటీ, ఎనిమిదిన్నరకి టెర్రస్ మీదికి రండి" అంటే మాత్రం కాదనలేకపోయారు. సీరియల్ టైమని నసిగిన మామ్మగారు కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

అసలు చిక్కు గార్డెన్ లైట్లది, ఆర్పినా మళ్లీ వెలిగేవి. ఎలక్ట్రీషియన్ ప్యానెల్ తెరిస్తే తెలిసింది: చీకటి పడగానే వెలిగించే ఫోటో సెన్సర్ ఉంది. దాని ఎంసీబీ (ప్యానెల్‌లో ఆ లైన్‌కి కరెంటు ఆపే స్విచ్) దించితే సరిపోయింది. మెట్ల లైట్లు, లిఫ్ట్ వేరే లైన్. వాటి జోలికి పోలేదు, పోకూడదు కూడా.

అందరూ ఒకేసారి ఆర్పితే ట్రాన్స్‌ఫార్మర్ కొట్టేస్తుందన్న భయం అనవసరం, ఒక్క బిల్డింగ్ లోడ్ తగ్గితే దానికేమీ కాదు. కొవ్వొత్తులు మానేశాం. మామూలు మైనం పెట్రోలియంలోంచి వచ్చేదేగా! ఎంత కరెంటు మిగిలిందంటారా, చెప్పుకునేంత కాదు. 2007లో సిడ్నీలో ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ దీన్ని మొదలుపెట్టింది కూడా బిల్లు తగ్గించడానికి కాదు.

గార్డెన్ లైట్లకి ఇప్పుడు టైమర్ పెట్టారు, రోజూ పదకొండింటికి ఆరిపోతున్నాయి.