హైదరాబాద్ చలిలో కోస్తా పండ్ల చెట్లను కాపాడుకోవడం ఎలా? (చర్చ)

మేడతోట, అమీన్‌పూర్ (డిసెంబర్ చివరి వారం)

అందరికీ నమస్కారం. నిరుడు కడియం వెళ్లినప్పుడు ఒక సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్) మొక్కను, ఒక రాంబుటాన్ మొక్కను తెచ్చుకున్నాను. సీమపనసను ఇంటికి ఉత్తరపు వైపు నేలలో నాటాను, రాంబుటాన్‌ను డాబా మీద పెద్ద కుండీలో పెట్టాను. వానాకాలమంతా రెండూ చక్కగా చిగుళ్లు వేశాయి. ఈ నెల రెండో వారం నుంచి సీమపనస ఆకులు అంచుల నుంచి గోధుమరంగుకు తిరిగి, చేయి తగిలితే చాలు రాలిపోతున్నాయి. రాంబుటాన్ లేత ఆకులేమో పసుపు రంగుకు మారాయి, వాటి ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎరువు చాలలేదని ఒకరు చెబితే వారం కిందట రెండింటికీ యూరియా కలిపిన నీళ్లు పోశాను, రోజూ సాయంత్రం నీళ్లు కూడా పెడుతున్నాను, అయినా ఫలితం కనిపించలేదు. పత్రికలో కనిష్ఠ ఉష్ణోగ్రత 12 డిగ్రీలని చూస్తున్నాను. మంచు గడ్డకట్టని మన ఊళ్లో ఆ మాత్రం చలికే చెట్టు చచ్చిపోతుందా? కోనసీమలో మా అమ్మమ్మగారి దొడ్లో పెద్ద సీమపనస చెట్టు ఉండేది. అలాంటి చెట్టు నా ఇంట్లోనూ ఉండాలని చాలా కోరికగా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాతతోట, తార్నాక

అమీన్‌పూర్ గారికి, ముందుగా ఆ 12 డిగ్రీల సంగతి చెబుతాను. పత్రికలో వచ్చే అంకె వాతావరణ కేంద్రంలో, మనిషి ఎత్తున, నీడనిచ్చే పెట్టెలో ఉంచిన థర్మామీటరు చూపినది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల, ఆకులు తమ వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తాయి కాబట్టి తెల్లవారుజామున ఆకు మీద ఉండే చలి ఆ అంకె కంటే ఎక్కువగా ఉంటుంది. నగరం నడిబొడ్డున కాంక్రీటు పగటి వేడిని పట్టి ఉంచుతుంది, మీవైపు పటాన్‌చెరు, ఇటు రాజేంద్రనగర్ వంటి ఖాళీ నేలలున్న చోట్ల రాత్రులు మరింత చల్లబడతాయి. అసలు నగరంలోనే 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపే థర్మామీటరు ఒకటి కొని మొక్క పక్కనే వేలాడదీయండి. నేను అలా చేసిన మొదటి ఏడాదే, పత్రికలో 11 అని చదివిన రోజున నా పెరట్లో 8 కనిపించింది.

సీమపనస పసిఫిక్ దీవుల చెట్టు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగితే దాని ఎదుగుదల మందగిస్తుంది, ఇంకా దిగితే ఆకు రాలుస్తుంది. మీరు దాన్ని ఉత్తరపు వైపు నాటడం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. డిసెంబర్‌లో మనకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి నుంచి సుమారు 41 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు. రెండంతస్తుల ఇల్లయితే ఉత్తరపు పక్కన చలికాలమంతా నీడే. అదే దక్షిణపు గోడ దగ్గరైతే పగలంతా ఎండ పడి, ఆ గోడ రాత్రి నెమ్మదిగా వేడిని విడుస్తుంది.

రాంబుటాన్‌కు వచ్చినది వేరే సమస్య. లేత ఆకు పసుపుగా మారి ఈనెలు పచ్చగా మిగలడం ఇనుము లోపానికి గుర్తు. ఆ చెట్టు పులుపు నేలను కోరుతుంది, మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. చల్లబడి తడిగా ఉన్న మట్టిలో వేళ్లు సరిగా పనిచేయవు కాబట్టి ఈ లోపం చలికాలంలో ముదురుతుంది. యూరియా వెంటనే ఆపండి. దానితో వచ్చే లేత చిగురే చలికి అన్నిటికంటే ముందు మాడిపోతుంది.

గోనెసంచి, కొంపల్లి

సాయంత్రం నీళ్లు పెట్టడం కూడా మానండి. తొమ్మిది గంటలకు ఎండ తగిలాక పోయండి, అదీ వేలు రెండు కణుపుల లోతుకు దింపినప్పుడు మట్టి పొడిగా తగిలితేనే. నేను కుండీ చుట్టూ గోనె సంచులు రెండు వరుసలు చుట్టి, మట్టి మీద నాలుగు అంగుళాల ఎండుటాకులు పరుస్తాను. రాత్రి నాలుగు కర్రలు పాతి వాటి మీద పాత నూలు చీర కప్పి, పొద్దున్నే తీసేస్తాను. ప్లాస్టిక్ కవరు మాత్రం ఆకును తాకేలా కప్పవద్దు, తాకిన చోటల్లా ఆకు మాడుతుంది.

పాతతోట, తార్నాక

కొంపల్లి గారు చెప్పినది కుండీకి సరిపోతుంది, నేలలో ఉన్న చెట్టుకు నేను ఎండుటాకులు పరవను. కొద్దిగా తేమ ఉండి పైన ఏమీ లేని నేల పగటి ఎండను బాగా తాగి రాత్రి కొమ్మల వైపు విడుస్తుంది, మందంగా ఆకులు పరిస్తే ఆ వేడి నేలలోకి చేరదు, పైకీ రాదు. అందుకే నవంబర్ చివర పాదు శుభ్రం చేసి, ఎండలు ముదిరాక మళ్లీ ఆకులు పరుస్తాను. నీళ్ల డ్రమ్ముకు నల్ల రంగు వేసి చెట్టు పక్కన నిలిపినా కొంత ఉపయోగం ఉంటుంది.

బొప్పాయితోట, శంషాబాద్

సీమపనసను నేను పెంచలేదు, బొప్పాయి, అరటి పెంచాను కాబట్టి వాటి మాట చెబుతాను. రెడ్ లేడీ బొప్పాయిలో రెండు లింగాలూ ఒకే పువ్వులో ఉండే చెట్లకు చలి తగిలితే కేసరాలు అండాశయానికి అతుక్కుపోయి, కాయలు గాట్లు పడి వంకరగా వస్తాయి. మొదటిసారి అది తెగులనుకొని రెండు మంచి చెట్లను నరికేశాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. వేడి తిరిగి వచ్చాక పూసిన పువ్వులకు కాయలు మామూలుగానే వస్తాయి, నరకవలసిన అవసరమే లేదు. అరటికి గెల వేసే సమయం ముఖ్యం. మార్చి, ఏప్రిల్ నెలల్లో నాటిన పిలకకు సరిగ్గా డిసెంబర్, జనవరి చలిలో గెల వస్తుంది, అది మొవ్వులోనే ఇరుక్కుపోతుంది. జూన్, జూలైలలో నాటితే చలి వెళ్లాక గెల దిగుతుంది.

కొత్తసభ్యుడు, ఉప్పల్

మా మామిడికి కూడా కప్పు వేయాలా?

పాతతోట, తార్నాక

వద్దు. మామిడి పూతకు ఆ చల్లని రాత్రులే కావాలి.

మేడతోట, అమీన్‌పూర్ (మహాశివరాత్రి తరువాత)

మీరంతా చెప్పినట్లే చేశాను. థర్మామీటరు జనవరిలో ఒక తెల్లవారుజామున 7 చూపించింది, ఆ రోజు ఆశ వదులుకున్నాను. సీమపనస ఆకులన్నీ రాలి కొమ్మ మోడుగా మిగిలింది. ఎండిన కొమ్మలు కత్తిరించాలని చేయి లాగినా, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లేదాకా ఆగాను. నిన్న గోటితో బెరడు గీకి చూస్తే పైన రెండు అడుగుల మేర గోధుమరంగే ఉంది, కింద మాత్రం పచ్చగా ఉంది, ఆ పచ్చ మొదలైన చోటే వేలి గోరంత చిగురు పొడిచింది. ఆ చిగురుకు పైనున్న ఎండు కొమ్మను కత్తిరించాను. రాంబుటాన్‌కు బోరు నీళ్లు మాని, వానాకాలంలో పట్టి ఉంచిన నీళ్లే వాడుతున్నాను. చలి తగ్గాక లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి రెండు సార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వచ్చింది. తొలకరి పడ్డాక సీమపనసను వేళ్ల మట్టి చెదరకుండా తవ్వి దక్షిణపు గోడ దగ్గరకు మార్చుదామనుకుంటున్నాను. గోడకు ఎంత దూరంలో గొయ్యి తీయాలో, ఆ చెట్టు వేళ్లు ఎంత మేర పాకుతాయో తెలిసిన వారు దయచేసి చెప్పండి.