వెంటనే వచ్చే ఫీడ్‌బ్యాక్‌తో విద్యార్థులు నిజంగా నేర్చుకుంటున్నారా?

ప్రశ్న (గణిత అధ్యాపకురాలు, కాకినాడ)

మా బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థులకు మూడుల్ అనే ఆన్‌లైన్ బోధనా వేదికలో వారానికొక క్విజ్ పెడుతున్నాము. జవాబు నొక్కగానే తప్పో ఒప్పో తెలిసిపోతుంది. తప్పయితే పక్క ఆప్షన్ నొక్కి మార్కు తెచ్చుకుంటారు. అదే రకం లెక్కను మిడ్ పరీక్షలో కాగితం మీద చేయమంటే మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. ఫీడ్‌బ్యాక్ ఎంత త్వరగా అందితే అంత మేలన్న మాటకు పరిశోధనలో ఆధారం ఉందా? అన్ని సెక్షన్ల అసైన్‌మెంట్లూ వారం వారం దిద్దడం నా ఒక్కదానికి సాధ్యం కాదు గనుక ఆన్‌లైన్ పద్ధతిని వదులుకోలేను.

జవాబు (విద్యాశాస్త్ర పరిశోధకుడు, హైదరాబాద్)

మేడమ్, వేగం కంటే ఆ ఫీడ్‌బ్యాక్ విద్యార్థి చేత ఏమి చేయిస్తున్నదన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. పరిశోధకులు క్లూగర్, డెనిసి 1996లో అప్పటివరకు జరిగిన ప్రయోగాలను కలిపి విశ్లేషించినప్పుడు, సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో పనితీరు దిగజారిందని తేలింది. మనిషి దృష్టి, చేయవలసిన పని మీది నుంచి తన మీదికి మళ్లినకొద్దీ ప్రయోజనం తగ్గుతుందని వారు వివరించారు. ఎక్కడికి చేరాలి, ఇప్పుడు ఎక్కడ ఉన్నాను, తరువాత ఏమి చేయాలి అనే మూడు ప్రశ్నలకు ఫీడ్‌బ్యాక్ బదులివ్వాలని 2007లో హాటీ, టింపర్లీ రాశారు. మీ క్విజ్ రెండో ప్రశ్నకు మాత్రమే, అదీ అరకొరగా, బదులిస్తోంది.

జవాబు (గణిత అధ్యాపకుడు, వరంగల్)

ముందు ఆప్షన్లు తీసేయండి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టిన స్టాక్ అనే ఉచిత సాధనం మూడుల్‌లోనే పనిచేస్తుంది. విద్యార్థి తన జవాబును టైపు చేస్తే, వెనుక ఉన్న మాక్సిమా అనే గణిత ప్రోగ్రామ్ దాన్ని బీజగణిత రీత్యా పరీక్షిస్తుంది. సైన్ 3ఎక్స్‌కు అవకలనం (డిఫరెన్షియేషన్) అడిగినప్పుడు కాస్ 3ఎక్స్ అని రాసినవారికి, ‘లోపలి 3ఎక్స్‌ను కూడా అవకలనం చేశారా?’ అని అడిగేలా అమర్చవచ్చు. మరొకరికి అదే ప్రశ్న 5ఎక్స్‌తో వస్తుంది కాబట్టి పక్కవారి జవాబు పనికిరాదు. అయితే ఏ తప్పుకు ఏ సూచన ఇవ్వాలో ముందే ఊహించి రాయవలసింది మనమే, అసలు శ్రమంతా అక్కడే ఉంది. పాత మిడ్ జవాబుపత్రాలలో పదేపదే కనిపించే తప్పులతో మొదలుపెట్టండి.

జవాబు (ఇంగ్లిష్ అధ్యాపకురాలు, తిరుపతి)

యంత్రమే దిద్దగలదన్న ఈ నమ్మకాన్ని వ్యాసాలకు మాత్రం విస్తరించవద్దని మనవి. అర్థంపర్థం లేని వ్యాసాలను పుట్టించే బేబెల్ అనే ప్రోగ్రామ్‌తో, వ్యాసాలు దిద్దే యంత్రాలు అలాంటి రాతలకు కూడా మంచి మార్కులు వేస్తాయని ఎంఐటీకి చెందిన లెస్ పెరల్మన్ 2014లో చూపించారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అవకలనం అధ్యాయంతోనే మొదలుపెడతాను. తెలుగులో సూచనలు రాసిన స్టాక్ ప్రశ్నలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంచుకోగలరు.