సీఓపీడీ ముదిరినప్పుడు డాక్టరు సమయానికి అందాలంటే ఏం చేయాలి? (చెన్నై)

ప్రశ్న, పెరంబూరు నుంచి:
మా మామగారికి సీఓపీడీ (గాలి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). రోజూ ఇన్‌హేలర్లు వాడతారు. వానలు పట్టిన దగ్గర నుంచి భోగి పొగ దాకా ఆయనకు గండమే. చూపించే ఆసుపత్రికి ఫోన్ చేస్తే "వచ్చే గురువారం రండి, లేదంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి" అంటారు. ఈ రెంటికీ మధ్య దారి లేదా? ఆయనకు తమిళం రాదు, అది ఇంకో చిక్కు.

జవాబు, విల్లివాక్కం (ఛాతీ వార్డులో పనిచేసి రిటైరైన నర్సును):
ఉందమ్మా. కానీ ఆయాసం ముదిరిన రోజున అది దొరకదు, కులాసాగా ఉన్న రోజునే వెళ్లి రాయించుకోవాలి. గురువారం డాక్టరుగారిని అడగండి: ఆయాసం, కఫం పెరిగితే ఇంట్లో ఏ మందు మొదలుపెట్టాలి, ఎంతసేపటికి తగ్గకపోతే బయలుదేరాలి, ఈలోగా ఎవరికి ఫోన్ చేయాలి. జవాబులు కాగితం మీద రాయించండి. కొందరు డాక్టర్లు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 5 రోజుల కోర్సు, యాంటీబయాటిక్ ముందుగానే రాసి ఇస్తారు. షుగరు ఉంటే తప్పక చెప్పండి, స్టెరాయిడ్‌తో అది పెరుగుతుంది. రాయనిదే సొంతంగా మింగించకండి.

ఇక ఫోను సంగతి. "ఆయాసంగా ఉంది" అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు, సీఓపీడీ ఉన్నవారికి ఎప్పుడూ ఆయాసమే కదా! "మామూలుగా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 93 ఉంటుంది, నిన్నటి నుంచి 89. తెల్లగా ఉండే కఫం పచ్చబడింది. బాత్రూం దాకా నడిచి కూలబడుతున్నారు" అనండి. ఈ మాట చెప్పగలగాలంటే బాగున్న రోజుల అంకెలు మీ దగ్గర ఉండాలి. వేళ్లు చల్లబడి ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా ఆక్సీమీటరు (వేలికి పెట్టి సాచురేషన్ చూసే పరికరం) తప్పు చూపవచ్చు. ఆ అంకెలు, మందుల పేర్లు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి మామగారి జేబులో పెట్టండి, భాష చిక్కు సగం తీరుతుంది.

జవాబు, కోడంబాక్కం:
నేనూ సీఓపీడీ రోగినే. ఉచితంగా ఫోనెత్తమంటే ఎవరూ ఎత్తరు, ఫీజు కట్టి వీడియో అపాయింట్‌మెంట్ అడగండి. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, అదే జబ్బుకు 6 నెలల లోపు చూసిన డాక్టరు వీడియోలో మళ్లీ చూసి మందు రాయవచ్చు. డాక్టరును మార్చాల్సి వస్తే పాత రికార్డులు అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నియమావళి చెబుతోంది. తాంబరం శానటోరియంలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. రద్దీని ఓర్చుకోగలిగితే అక్కడ ఊపిరితిత్తుల వైద్యులే చూస్తారు. ఎలక్ట్రిక్ రైలు స్టేషను కూడా ఆ పేరుతోనే ఉంది.

జవాబు, అంబత్తూరు:
కాగితం తీసుకెళ్తే మా డాక్టరు విసుక్కున్నారు!

విల్లివాక్కం:
విసుక్కుంటే ఇంకొకరిని చూసుకోండి బాబూ, చెన్నైలో డాక్టర్లకు కరువా?

పెరంబూరు:
చాలా మేలు చేశారు, అమ్మా. కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఇంట్లో ఉంది. 89 కనిపిస్తే పెట్టేయవచ్చా?

విల్లివాక్కం:
డాక్టరు చెప్పనిదే వద్దు. 89 అంటే ఫోన్ చేయాల్సిన అంకె, యంత్రం తిప్పాల్సినది కాదు. సీఓపీడీలో ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచుతారు. ఎక్కువైతే కొందరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. తెరమీద 98 చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు, రోగి మాత్రం మత్తులోకి జారుతుంటాడు. 88 కన్నా దిగినా, వాక్యం పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మాట తడబడుతున్నా గురువారం కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి, వచ్చినవారికి సీఓపీడీ అని, 88–92 అని చెప్పండి.

పెరంబూరు:
గురువారం టీకాల గురించి కూడా అడగనా?

విల్లివాక్కం:
అడగండి. ఫ్లూ టీకా ఏటా వేయించాలి, న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా వేరు. ఇన్‌హేలర్ కూడా తీసుకెళ్లి డాక్టరు ఎదుటే పీల్చమనండి. ఏళ్ల తరబడి వాడుతున్నవారిలోనూ చాలామంది మందును గొంతులోనే వదిలేస్తుంటారు. స్పేసరు (ఇన్‌హేలరుకు తగిలించే గొట్టం, మందు ఊపిరితిత్తుల్లోకి చేరడానికి) పెట్టాలేమో చూస్తారు.