‘రాంచర్’ని రైతు అనొచ్చా?

అడిగినవారు: ఆర్చిబాల్డ్ మెక్‌లీన్ అనే కెనడా ఆయన జీవితం మీద చిన్న వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1860లో ఒంటారియోలో పుట్టి, పాతికేళ్లు దాటాక పడమటికి వెళ్లి, ఇప్పటి ఆల్బర్టా దక్షిణాన టేబర్ దగ్గర సీవై రాంచ్, అంటే పశువుల మందలు మేపే పెద్ద బీడు, నడిపాడు. 1909లో ఎమ్మెల్యే, మరుసటేడే మంత్రి (‘ప్రావిన్షియల్ సెక్రటరీ’). ‘రాంచర్’ వచ్చినచోటల్లా ‘రైతు’ అని రాసుకుంటూ పోయాను. 1921 దగ్గర బోల్తా పడ్డాను. ఆ ఎన్నికల్లో ఆయన్ని ఓడించింది యునైటెడ్ ఫార్మర్స్, అంటే రైతుల పార్టీయే. ‘ఈ రైతు రైతుల చేతిలో ఓడాడు’ అంటే ఎవరికి అర్థమవుతుంది?

గుంటూరు సభ్యుడు: భూస్వామి అనేయండి, సరిపోతుంది.

అడిగినవారు: భూమి సొంతమైతే కదండీ! అక్కడి పెద్ద రాంచ్‌లు మొదలైందే ప్రభుత్వ బీళ్ల మీద. 1881 నిబంధనల ప్రకారం లక్ష ఎకరాల దాకా, ఎకరానికి ఏడాదికి ఒక్క సెంటు చొప్పున, 21 ఏళ్లకు కౌలు. దున్నేది లేదు, విత్తేది లేదు. ఆస్తంటే పశువుల మందే. ఆ తర్వాత గోధుమలు వేసేవాళ్లు వచ్చి కంచెలు కట్టారు. రాంచర్‌కీ రైతుకీ పేచీ అక్కడే.

అనంతపురం సభ్యురాలు: ‘కిలారి’ ఉంది కదా మాస్టారూ. ఆలమందను చూసుకునేవాడు. ఇంటిపేరుగానూ మిగిలింది.

అడిగినవారు: మాట ముచ్చటగా ఉందమ్మా. కానీ కిలారి మందను కాస్తాడు, ఈయన కాయిస్తాడు. కౌబాయ్‌కి కిలారి వాడుకుంటాను. ఈయనకి ‘పశువుల ఆసామి’ ఎలా ఉంటుంది?

గుంటూరు సభ్యుడు: ఆసామి బాగుంది. నా భూస్వామిని వెనక్కి తీసుకుంటున్నా. ‘ప్రావిన్షియల్ సెక్రటరీ’ని మాత్రం కార్యదర్శి అనకండి, అది మంత్రి పదవి.

అడిగినవారు: అదీ రాసేశాను, దిద్దుతాను! ఇంకో తిప్పలు. 1912లో ఈయనా, మరో ముగ్గురు ఆసాములూ కలిసి లక్ష డాలర్లకు పూచీ పడి మొదటి కాల్గరీ స్టాంపీడ్ జరిపించారు. మన పేపర్లలో స్టాంపీడ్ అంటే తొక్కిసలాటే. అలా రాస్తే నలుగురు పెద్దమనుషులు డబ్బు పెట్టి మరీ జనాన్ని తొక్కించినట్టుంది. అది గుర్రాలూ పశువులతో సాహసాలు చేసే పండగ. అక్కడ స్టాంపీడ్‌నే ఉంచేశాను.