రూటర్‌కి రెండే పోర్టులు, ఇంట్లో ఆరు పరికరాలు: స్విచ్ ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న (తణుకు నుంచి)

అందరికీ నమస్కారం. మాది పైనా కిందా రెండు పోర్షన్ల ఇల్లు, రెండింట్లోనూ మేమే ఉంటాం. ఫైబర్ కనెక్షన్ కింద హాల్లో టీవీ పక్కకి వచ్చింది. కనెక్షన్‌తో ఇచ్చిన రూటర్‌కి వెనక లాన్ పోర్టులు (ఇంట్లో పరికరాలకి నెట్ కేబుల్ గుచ్చే చోట్లు) రెండే ఉన్నాయి. ఒకదాంట్లో టీవీ, రెండోదాంట్లో కెమెరాల రికార్డర్ పెట్టేశాం. మా అబ్బాయి మేడ మీద గదిలో కూర్చుని ఉద్యోగం చేస్తాడు. వైఫై స్లాబు దాటి పైకి వెళ్లేసరికి సిగ్నల్ సగం అయిపోతోంది. మీటింగ్ మధ్యలో మాట తెగిపోతోందని వాడికి రోజూ టెన్షనే. పైన ఒక డెస్క్‌టాప్, వాడి ఆఫీసు లాప్‌టాప్, కోడలి లాప్‌టాప్, ప్రింటర్ ఉన్నాయి. ఇల్లు కట్టేటప్పుడు హాలు నుంచి ఆ గదికి గోడలో ఒక ఖాళీ పైపు వేయించాం, అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

స్విచ్ అని ఒక పెట్టె పెడితే సరిపోతుందని షాపులో చెప్పారు. దానికి సెట్టింగ్స్ ఏమైనా చేయాలా? అన్నిటికీ పంచితే స్పీడ్ తగ్గిపోదా? పైకి ఒక్క కేబుల్ చాలా, లేక ఒక్కో దానికి ఒక్కోటి లాగాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (విజయవాడ, నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను)

నమస్కారమండీ. ఖాళీ పైపు ఉందన్నారు చూడండి, అక్కడే మీ పని సగం తేలికైపోయింది. పైకి ఒక్క కేబుల్ చాలు. అయినా పైపు ఎలాగూ తెరుస్తున్నారు కాబట్టి రెండు లాగించండి. ఒకటి వాడకానికి, రెండోది ఎప్పుడైనా మొదటిది పాడైతే ఉంటుంది.

ముందు స్విచ్ సంగతి. మీకు కావాల్సింది అన్‌మేనేజ్డ్ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్. దాంట్లో సెట్టింగ్స్ ఏమీ ఉండవు. అడాప్టర్ పెట్టి కేబుల్స్ గుచ్చితే పని మొదలుపెడుతుంది. ఏ కేబుల్ ఏ పోర్టులో పెట్టినా ఒకటే. ఏ పరికరం ఏ పోర్టులో ఉందో దాని మాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే నంబరు) చూసి స్విచ్ తనంతట తానే గుర్తు పెట్టుకుంటుంది, ఆ పరికరానికి వచ్చిన డేటాని ఆ పోర్టుకే పంపుతుంది. ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ ఉండే చిరునామా నంబర్లు) ఇచ్చే పని మాత్రం ఎప్పటిలాగే రూటర్‌దే.

కొనేటప్పుడు పెట్టె మీద 10/100/1000 అని ఉందో లేదో చూసుకోండి. 10/100 అని మాత్రమే ఉన్నవి ఇంకా అమ్ముతున్నారు, ధర కొంచెం తక్కువ ఉంటుంది, వాటి జోలికి పోకండి. పోర్టుల లెక్కలో కూడా చాలామంది పొరబడతారు. అయిదు పోర్టుల స్విచ్ అంటే నాలుగు పరికరాలకే, ఎందుకంటే ఒకటి రూటర్ వైపు వెళ్లే కేబుల్‌కి పోతుంది. పైన మీకు నాలుగు పరికరాలు ఉన్నాయి కాబట్టి అయిదు పోర్టులది మొదటి రోజే నిండిపోతుంది. పైకి ఎనిమిది పోర్టులది తీసుకోండి. కిందకి అయిదు పోర్టులది చాలు.

రూటర్ వెనక రెండు పోర్టులనీ ఒకసారి పరిశీలనగా చూడండి. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే చాలా పెట్టెల్లో ఒక పోర్టే గిగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్‌వి ఉంటాయి. పోర్టు దగ్గర జీఈ అని ఉంటే గిగాబిట్, ఎఫ్‌ఈ అని ఉంటే 100. ఆ గిగాబిట్ పోర్టు నుంచి ఒక చిన్న కేబుల్ కింది స్విచ్‌లోకి పెట్టండి. టీవీ, రికార్డర్, పైకి వెళ్లే కేబుల్, మూడూ ఆ స్విచ్‌లోనే పెట్టండి. పైకి వెళ్లిన కేబుల్ పై స్విచ్‌లోకి, అక్కడి నుంచి పరికరాలకి. అంతే కనెక్షన్.

ఇక స్పీడ్. మీరు నెలనెలా డబ్బు కట్టే ఇంటర్నెట్ స్పీడ్ స్విచ్ పెట్టినా పెరగదు, పెట్టినందుకు తగ్గదు కూడా. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే ఆ వందనే అందరూ వాడుకుంటారు, అది వైఫైలో కూడా అంతే. ఇంట్లో ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి జరిగేదే వేరు. పై డెస్క్‌టాప్‌లో కెమెరా రికార్డింగులు చూస్తే ఆ డేటా రెండు స్విచ్‌ల మధ్యే నడుస్తుంది, రూటర్ దాకా వెళ్లదు, మీ ఇంటర్నెట్‌ని ముట్టుకోదు. టీవీ గురించి బెంగ పెట్టుకోకండి. 4కె టీవీల్లో కూడా చాలావాటికి లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఇస్తారు. 4కె సినిమాకి 15 నుంచి 25 ఎంబీపీఎస్ వస్తే చాలు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్విచ్ పాడైతే అరగంటలో మార్చుకోవచ్చు. గోడలో వేసిన కేబుల్ అలా కాదు, పదేళ్లు అక్కడే ఉంటుంది. అందుకని డబ్బు, శ్రద్ధ రెండూ కేబుల్ మీద పెట్టండి. క్యాట్6 రకం కేబుల్, సాలిడ్ కాపర్ (ఒక్కో తీగా పూర్తి రాగితో ఒకే గట్టి పోగుగా ఉండేది) అని అడిగి తీసుకోండి. మార్కెట్లో సీసీఏ అని ఒక రకం ఉంది. అది అల్యూమినియం తీగకి పైన రాగి పూత వేసింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. షాపులోనే చిన్న ముక్క కోయించి, లోపలి తీగ ఒకటి తీసి బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. సీసీఏ అయితే తెల్లటి లోహం బయటపడుతుంది. రెండు మూడు సార్లు వంచితే పుటుక్కున విరిగిపోతుంది కూడా. అలాంటిది గోడలోకి ఎక్కించవద్దు. క్యాట్5ఈ అయినా స్వచ్ఛమైన రాగిది 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తుంది, మీ ఇంట్లో అంత దూరం ఎలాగూ ఉండదు. క్యాట్7, క్యాట్8 అని ఎక్కువ ధరకి అంటగడతారు, ఇంటికి వాటి అవసరం లేదు.

కేబుల్ లాగేటప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కన మీరు నిలబడండి. కరెంటు వైర్లున్న పైపులో లాన్ కేబుల్ కలిపి వేయనివ్వవద్దు. పొరపాటున ఇన్సులేషన్ దెబ్బతింటే మెయిన్ కరెంటు నేరుగా మీ పరికరాల్లోకి వస్తుంది. బలంగా గుంజకూడదు. కేబుల్ తట్టుకునే లాగుడు 110 న్యూటన్లు, అంటే సుమారు 11 కిలోల బరువు వేలాడదీసినంత. మలుపు దగ్గర చిక్కుకుంటే వెనక్కి వదిలి మళ్లీ మెల్లగా లాగాలి. రెండు చివర్లా గోడకి మాడ్యులర్ బోర్డులో పట్టే లాన్ సాకెట్ పెట్టించండి, అక్కడి నుంచి స్విచ్‌కి రెడీమేడ్ చిన్న కేబుల్ వాడండి. గోడలోంచి వచ్చిన సాలిడ్ కేబుల్‌ని అటూ ఇటూ కదిలిస్తుంటే లోపలి తీగ తెగిపోతుంది.

రంగుల వరుస రెండు చివర్లా ఒకేలా ఉండాలి. ప్లగ్గు క్లిప్పు కిందకి, రాగి పళ్లు పైకి, కేబుల్ మీ వైపుకి వచ్చేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. సాకెట్ అయితే దాని మీదే రంగులు వేసి ఉంటాయి, బి అన్న వరుస చూసి కొట్టమనండి. లోపలి తీగలు జంటలుగా మెలేసి ఉంటాయి, ఆ మెలిక అరంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు.

ఆఖరుగా ఒకటి. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెట్టడం, లేదా రెండు స్విచ్‌లని రెండు కేబుల్స్‌తో కలపడం చేయకండి. అదనంగా లాగిన రెండో కేబుల్‌ని ఎవరో ఒకరు ఖాళీగా ఉంది కదా అని గుచ్చేస్తారు. అప్పుడు డేటా గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోయి ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. దాని చివర ఒక టేపు చుట్టి “స్పేర్” అని రాసి పెట్టండి.

మరో సభ్యురాలు (హైదరాబాద్)

సార్, మా ఇంట్లో పాత వైఫై రూటర్ ఒకటి ఊరికే పడి ఉంది. దాని వెనక నాలుగు పోర్టులున్నాయి. స్విచ్ కొనకుండా దాన్నే వాడుకోవచ్చా? నేను పెట్టి చూస్తే నెట్ వస్తోంది కానీ అటు వైపు లాప్‌టాప్‌కి ప్రింటర్ కనిపించడం లేదు.

జవాబు (విజయవాడ)

వాడుకోవచ్చమ్మా. మీరు అసలు రూటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ కేబుల్ కోసం విడిగా ఉండేది) పెట్టి ఉంటారు. అలా పెడితే పాత రూటర్ తన వెనక ఇంకో నెట్‌వర్క్ సృష్టిస్తుంది. ఆ లాప్‌టాప్ ఒక నెట్‌వర్క్‌లో, ప్రింటర్ ఇంకోదాంట్లో ఉండిపోతాయి. సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (కొత్త నెట్‌వర్క్ సృష్టించకుండా ఉన్నదాన్నే అందించేది) ఉంటే అది ఎంచుకోండి, పని అయిపోతుంది. లేకపోతే ముందు పాత రూటర్‌ని ఒక్కదాన్నే లాప్‌టాప్‌కి కలిపి, దాని అడ్రస్ మార్చండి. అసలు రూటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, ఆ నంబర్ అసలు రూటర్ పంచే అడ్రసుల్లో లేకుండా చూసుకోండి. తరువాత దాంట్లో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే సెట్టింగ్) ఆపేసి సేవ్ చేయండి. ఇప్పుడు అసలు రూటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వాన్‌లో కాకుండా లాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ అసలు రూటర్‌వే పెడితే ఫోన్లు గదులు మారినా అడక్కుండా కలుస్తాయి. పాతది కాబట్టి దాని పోర్టులు 100వే అయి ఉండొచ్చు, అది చూసుకోండి.

తణుకు వారు కూడా వినండి: పై గదిలో ఫోన్లకి వైఫై కావాలంటే ఇదే పద్ధతిలో ఒక రూటర్‌ని పై స్విచ్‌కి తగిలించవచ్చు.

మరొకరు (కరీంనగర్)

అన్నా, మా కెమెరాలు లాన్ కేబుల్ మీదే కరెంటు తీసుకునేవి. ఈ మామూలు స్విచ్‌కి పెడితే ఆన్ అవుతాయా?

జవాబు (విజయవాడ)

కావు తమ్ముడూ. దానికి పీఓఈ స్విచ్ (లాన్ కేబుల్ మీదే కరెంటు కూడా పంపేది) కావాలి. కెమెరా మీద 802.3ఏఎఫ్ అని ఉందేమో చూడు, అలాంటిదానికి స్విచ్ పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది. స్విచ్ మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో పెట్టె మీద రాసి ఉంటుంది, కెమెరాల లెక్క దానికి లోబడి ఉండాలి. అలాంటి చోట సీసీఏ కేబుల్ అసలు వాడొద్దు, అల్యూమినియంలో నిరోధం ఎక్కువ కాబట్టి కరెంటు వెళ్లేకొద్దీ కేబుల్ వేడెక్కుతుంది, దూరంలో ఉన్న కెమెరా రాత్రిపూట లైట్లు వేసుకోగానే ఆగిపోతుంది.

అడిగినవారు (తణుకు)

అండీ, మీరు చెప్పినట్టే చేశాం. కేబుల్ గీకి చూసే తెచ్చాను, రాగిదే. పై గదిలో నెట్ చక్కగా వస్తోంది, మీటింగులు తెగడం లేదు. కానీ మా అబ్బాయి డెస్క్‌టాప్‌లో చూస్తే లింక్ స్పీడ్ 100/100 అని ఉంది. రికార్డింగులు కాపీ చేస్తుంటే సెకనుకి 11 ఎంబీ దాటడం లేదట. స్విచ్‌లు రెండూ గిగాబిట్‌వే. ఎలక్ట్రీషియన్ ఆ రోజు సాకెట్లు దొరకలేదని రెండు చివర్లా ప్లగ్గులు కొట్టేసి వెళ్లాడు.

జవాబు (విజయవాడ)

స్విచ్‌ని అనుమానించకండి, ఏదో ఒక కేబుల్‌లో అన్ని తీగలూ అందడం లేదు. ఎంబీపీఎస్‌లో లెక్క బిట్లది, ఎనిమిది బిట్లు ఒక బైట్, కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12 ఎంబీ లోపే. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబరు తీగలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా పరికరాలు మెల్లగా 100కి దిగిపోతాయి, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇలా వెతకండి. డెస్క్‌టాప్‌లో కనిపించే లింక్ స్పీడ్ డెస్క్‌టాప్‌కీ పై స్విచ్‌కీ మధ్యదే. కాబట్టి ముందు ఆ చిన్న కేబుల్ మార్చి చూడండి, 1000 అని రావాలి. తరువాత రెండు స్విచ్‌ల మధ్య కేబుల్. స్విచ్ మీద ఆ పోర్టు లైటు చూడండి, చాలా స్విచ్‌లలో 1000కి ఒక రంగు, 100కి ఇంకో రంగు ఉంటుంది, లేదా ఒక లైటు వెలగదు. ఏ రంగు దేనికో పక్కనే రాసి ఉంటుంది.

అడిగినవారు (తణుకు)

దొరికిందండీ! రెండు చోట్లా ఉంది సమస్య. డెస్క్‌టాప్‌కి పెట్టింది పాత కేబుల్, దాంట్లో నాలుగు తీగలే ఉన్నాయి. అది మార్చగానే 1000/1000 వచ్చింది. కానీ కాపీ స్పీడ్ అలాగే ఉంది. అప్పుడు కిందికి వెళ్లే కేబుల్ లైటు చూస్తే 100 రంగులోనే ఉంది. పై చివర ప్లగ్గుని వెలుతురులో పట్టుకుని చూశాం. ఏడు తీగలు ముందు గోడ దాకా వచ్చాయి, నీలం తీగ ఒక్కటి మిల్లీమీటరో రెండో వెనకే ఆగిపోయింది. పిన్ను దాన్ని తాకనే లేదు. లాన్ టెస్టర్ పెడితే నాలుగో లైటు వెలగలేదు. ప్లగ్గు కోసేసి, ఈసారి సాకెట్లు తెప్పించి రెండు చివర్లా వేయించాం. ఇప్పుడు సెకనుకి 110 ఎంబీ దాకా వస్తోంది. మా అబ్బాయి మీకు ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమన్నాడు.

ఇంకొక్కటి అడుగుతాను. కరెంటు పోతే రూటర్‌కి చిన్న యూపీఎస్ ఉంది, 12 వోల్టులది. స్విచ్‌లని కూడా దానికే తగిలించవచ్చా?

జవాబు (విజయవాడ)

సంతోషమండీ. అలా వెలుతురులో పట్టుకుని చూడటం చాలామంది ఎలక్ట్రీషియన్లే చేయరు.

యూపీఎస్ విషయంలో తొందరపడకండి. స్విచ్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ దగ్గర ఎన్ని వోల్టులో చదవండి. చిన్న స్విచ్‌లు 5 వోల్టులవి ఎక్కువ, 9, 12 వోల్టులవీ ఉన్నాయి. పిన్ను సరిపోయింది కదా అని 5 వోల్టుల స్విచ్‌కి 12 వోల్టులు ఇస్తే కాలిపోతుంది. మీ యూపీఎస్‌కి 5 వోల్టుల అవుట్‌పుట్ కూడా ఉంటే, పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్న గుర్తు, ఆంపియర్లు రెండూ సరిచూసుకుని ఇవ్వండి. లేకపోతే రెండు స్విచ్‌ల అడాప్టర్లనీ ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్గులకి మార్చండి. ఒకటి మాత్రం మరిచిపోకండి: పై స్విచ్ ఒక్కదానికే బ్యాకప్ ఇస్తే లాభం లేదు, మీ అబ్బాయి నెట్ కింది స్విచ్ మీదుగానే వెళ్తుంది.