పొట్టి వీపు పోనీకి జీను: 17 అంగుళాలది నడుము మీదికి పోతోంది, 16.5 ది భుజాల మీదికి జారుతోంది

కళ్లెంచేతి:
అందరికీ నమస్కారం. పోనీ ఎత్తు 132 సెంటీమీటర్లు, అంటే గుర్రాల ఎత్తు కొలతలో 13 హ్యాండ్స్. వయసు తొమ్మిదేళ్లు. పక్కలు పీపాలా గుండ్రంగా ఉంటాయి, మూపు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, వీపు బల్లపరుపు. ఛాతీ చుట్టుకొలత 160 సెం.మీ., భుజం మొన నుంచి పిరుదు మొన దాకా 138 సెం.మీ. ఎక్కేది పెద్ద మనిషే. బరువు 50 కిలోలు, కానీ తొడలు పొడుగు.

రెండు జీన్లు వేసి చూశాం. 17 అంగుళాలది కూర్చోవడానికి హాయిగా ఉంది, కానీ వెనక భాగం నడుము మీదికి పోతోంది. కాంటర్‌లో (మెల్లటి దౌడులో) పోనీ వెనక కాళ్లు ఎగరేస్తోంది. 16.5 ది వేస్తే పది నిమిషాల్లో భుజాల మీదికి వచ్చేస్తోంది. తంగు (పొట్ట కింద బిగించే పటకా) ఇంకో రెండు రంధ్రాలు బిగించినా తేడా లేదు. మందపాటి ప్యాడ్ వేస్తే ఆగుతుందా? లేక ట్రీ (లోపలి గట్టి చట్రం) లేని జీనుకి మారాలా? అసలు ఈ వీపుకి ఎంత పొడవు జీను పడుతుందో ఎలా తేల్చుకోవాలి?

జీనుకుట్టు:
సీటు సైజు అంకెని కాసేపు పక్కన పెట్టండి. అది మనిషి కూర్చునే చోటు కొలత: ముందు పక్కనున్న మేకు తల నుంచి వెనక ఎత్తు అంచు నడిమధ్య దాకా ఎన్ని అంగుళాలో అంతే. పోనీకి కావలసిన కొలత వేరు, కింద ప్యానెల్ (జీను అడుగున ఉండే మెత్తటి దిండు) వీపుకి ఎంత మేర ఆనుతోందన్నది. 17 అంగుళాల సీటు కిందే ఒక తయారీలో ప్యానెల్ పొట్టిగా ఉంటుంది, ఇంకో తయారీలో బారెడు ఉంటుంది.

ముందు పోనీని కొలవండి. చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా మోపి, తల మామూలు ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. జబ్బ ఎముక వెనక అంచుని వేళ్లతో తడిమి సుద్దతో గీత గీయండి. ఇంకొకర్ని ముందు కాలు పట్టుకుని మెల్లగా ముందుకి చాపమనండి. ఆ ఎముక పైభాగం వెనక్కి జరగడం మీ అరచేతికి తెలుస్తుంది. జీను ట్రీ మొనలు (చట్రం ముందు రెండు పక్కలా కిందికి దిగే కొసలు) ఆ దారికి అడ్డం ఉండకూడదు. అందుకని మొదటి గీతకి రెండు మూడు వేళ్ల వెనక రెండో గీత గీయండి. ట్రీ మొనలు ఉండాల్సింది అక్కడ.

వెనక హద్దు చివరి పక్కటెముక. గుర్రం జాతికి మామూలుగా 18 జతల పక్కటెముకలు. డొక్క దగ్గర చివరిది వేలికి తగులుతుంది, దాన్నే పట్టుకుని పైకి వెళ్లండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ ఎముక నిట్టనిలువుగా ఎక్కదు, పైకి పోయేకొద్దీ ముందుకి వాలుతుంది. డొక్క నుంచి తిన్నగా పైకి గీత గీస్తే లేని వీపు ఉన్నట్టు లెక్కకొస్తుంది. పొట్టి వీపు మీద ఆ తేడాయే కొంప ముంచుతుంది. పైన కండరం మందంలో ఎముక చేతికి అందనప్పుడు అదే వాలులో గీతని వెన్ను దాకా సాగించండి. గీత తగిలిన వెన్నుపూస వెనక ఉన్నది నడుము. దాని కింద పక్కటెముకల ఆసరా లేదు, కాబట్టి అక్కడ బరువు పడకూడదు.

ముందు గీసిన రెండో గీతకీ ఈ వెనక గీతకీ మధ్య దూరాన్ని వెన్ను మీద కాకుండా దానికి నాలుగు వేళ్లు పక్కగా టేపుతో కొలవండి. ప్యానెల్ కూర్చునేది అక్కడే.

తర్వాత జీను. ప్యాడ్ లేకుండా వేసి, తంగు కట్టి, మనిషి ఎక్కాక వెనక నుంచి ఒక కాగితాన్ని ప్యానెల్ కిందికి తోయండి. కాగితం ఆగిన చోట గుర్తు పెట్టుకోండి, ఆనిక అక్కడి నుంచే. ట్రీ మొన దగ్గర నుంచి ఆ గుర్తు దాకా కొలిస్తే జీను ఆనే పొడవు వస్తుంది. ప్యానెల్ చివర పైకి తేలి ఉండి, గాల్లో ఉన్న భాగం రెండు సెంటీమీటర్లు హద్దు దాటినా ఫర్వాలేదు, నడకలో తగలనంత వరకు. ఆనుతూ దాటితే ఒక్క సెంటీమీటరు కూడా వద్దు.

బరువు కూడా చూసుకోండి. ఛాతీ చుట్టుని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. మీ అంకెలతో 160 × 160 × 138 ÷ 11,877, అంటే దాదాపు 297 కిలోలు. మనిషి, జీను, సామాను అన్నీ కలిపి అందులో 20 శాతం దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు, అంటే 59 కిలోలు. 50 కిలోల మనిషి మీద ఆరేడు కిలోల జీను వేస్తే హద్దులోనే ఉన్నారు, కానీ అంచున ఉన్నారు. అందుకే ప్యానెల్ పొట్టిదైతే చాలదు, వెడల్పుగా కూడా ఉండాలి. పొడవు తగ్గిన కొద్దీ అదే బరువు తక్కువ చోట పడి నొక్కుతుంది.

నాలుగుడెక్కలు:
జారడం గురించి చెప్తాను. దీనికి తంగు బిగించడం మందు కాదు, బిగించిన కొద్దీ ఇంకా గట్టిగా ముందుకి లాగుతుంది.

ప్రతి గుర్రానికీ ఛాతీ కింద తంగు తనంతట తాను చేరే సన్నని చోటు ఒకటి ఉంటుంది. గుండ్రటి పోనీల్లో అది చాలాసార్లు మోచేతికి ఆనుకునే ఉంటుంది. జీను సరైన చోట పెట్టి, తంగు కట్టకుండా, పక్కన నిలబడి చూడండి. తంగు తగిలించే పట్టీలు నిలువుగా వేలాడుతూ ఆ సన్నని చోటికే దిగుతున్నాయా? దానికి వెనకగా దిగుతుంటే, నాలుగు అడుగులు వేసేసరికి తంగు తన చోటికి తను పోతుంది, జీనుని వెంట లాక్కుపోతుంది. 

ఇలాంటి పోనీకి ట్రీ ముందు మొనకే కుట్టిన పట్టీ ఒకటి, వెనక నుంచి వచ్చే బ్యాలెన్స్ పట్టీ ఒకటి ఉన్న జీను వెతకండి. ముందుది జీనుని వెనక ఉంచుతూనే తంగుని ముందుకి దింపుతుంది. అది ఒక్కటే వాడితే ముందు భాగం కిందికి లాగి, ట్రాట్‌లో (కుదుపు పరుగులో) వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, అందుకే రెండూ కావాలి. తంగు కూడా తిన్నటిది కాకుండా మధ్యభాగం ముందుకి వంగి, రెండు కొసలు వెనక్కి ఉండేది తీసుకోండి. మోచేతిని రాసుకోదు, పట్టీలూ నిలువుగా ఉంటాయి.

రెండో కారణం ట్రీ ఆకారం. మూపు లేని గుండ్రటి వీపు మీద కోసుగా ఉన్న ట్రీ బట్టల క్లిప్పులా కొసల దగ్గర పట్టుకుంటుంది. పైన ఖాళీ, కింద నొక్కుడు. అలా నొక్కుకున్నది నిలవదు, జారుతుంది. మీకు కావలసింది పైన గుండ్రంగా వంగిన ట్రీ. వెడల్పు అంకె ఒకటే అయినా కోసు ట్రీ, గుండ్రటి ట్రీ ఒకటి కావు.

తోక కింద నుంచి వచ్చే క్రప్పర్ పట్టీ చివరి ఆసరాగా మంచిదే. తోక కింది చుట్టు మెత్తగా, శుభ్రంగా ఉండాలి, పిరుదు మీద పట్టీ కింద అరచేయి దూరేంత వదులుండాలి. తప్పుగా కూర్చున్న జీనుని దాంతో వెనక్కి కట్టేయకూడదు. బాధ భుజం నుంచి తోకకి మారుతుంది అంతే.

కళ్లెంచేతి:
ఇద్దరికీ ధన్యవాదాలు అండి. కొలిచాం. వీపు మీద రెండు గీతల మధ్య 39 సెం.మీ. 17 అంగుళాల జీను 43 సెం.మీ. ఆనుతోంది. 16.5 ది 38. దాని ముందు వంపు కింద చెయ్యి పెడితే పైన వేళ్లు ఆడుతున్నాయి, కింద మొన దగ్గర చెయ్యి దూరడమే కష్టం. పట్టీలు సన్నని చోటికి దాదాపు 6 సెం.మీ. వెనకగా దిగుతున్నాయి. అయితే రెండూ వదిలేయాలా? తొడల సంగతి ఏం చెయ్యాలి?

జీనుకుట్టు:
17 ది వదిలేయండి. నాలుగు సెంటీమీటర్లు నడుము మీద ఆనుతున్న ప్యానెల్‌ని ఏ సర్దుబాటూ పొట్టి చేయదు. కాంటర్‌లో కాళ్లు ఎగరేయడానికి అదే కారణం కావచ్చు. అయినా జీను తీశాక కూడా నడుము తడిమితే వీపు కుంగదీస్తోందంటే పశువైద్యుడికి చూపించాకే మళ్లీ ఎక్కండి. 16.5 ది పొడవులో సరిపోయింది, ఆకారంలో తప్పింది. మీరు వెతకాల్సింది 39కి మించకుండా ఆనే, గుండ్రటి వెడల్పు ట్రీ ఉన్న, నిడివిలో చదునైన జీను. చదును వీపు మీద అడుగు వంపు తిరిగిన ట్రీ వేస్తే ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మధ్యలో దిగిన వీపు మీద చదును ట్రీ వేస్తే ముందూ వెనకా మాత్రమే ఆని మధ్యలో వంతెనలా ఖాళీ వస్తుంది. మీ పోనీకి మొదటి ప్రమాదమే ఎక్కువ.

వంగి ఆకారం నిలుపుకునే పొడవాటి రూలరు ఒకటి కొనండి. జబ్బకి రెండు మూడు వేళ్ల వెనక ఒకసారి, వీపు అన్నిటికంటే దిగిన చోట ఒకసారి, చివరి పక్కటెముక దగ్గర ఒకసారి అడ్డంగా వంచి, కదపకుండా గళ్ల కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంట గీయండి. వెన్ను ఎక్కడో, ఎడమ ఏదో, కుడి ఏదో రాయండి. నాలుగో గీత వెన్ను పొడవునా. మొదటి గీత వెంట అట్ట కత్తిరించి లోపలి ముక్కనీ బయటి ముక్కనీ దగ్గర పెట్టుకుంటే, జీను చూడటానికి వెళ్లినప్పుడు లోపలి ముక్కని ముందు వంపు కింద పెట్టి అక్కడికక్కడే సగం జీన్లు పక్కన పడేయవచ్చు.

తొడల విషయం. లోతైన సీటు, ఎత్తైన వెనక అంచు, బలిసిన మోకాలి దిమ్మలు, ఈ మూడూ చోటు తినేస్తాయి. చదునైన, తెరిచినట్టుండే సీటు, చిన్న దిమ్మలు ఉంటే 16.5 కూడా పొడుగు తొడలకి సరిపోవచ్చు. కూర్చున్నాక వెనక అంచుకీ పిరుదుకీ మధ్య ఒక అరచేయి పట్టాలి. పక్క రెక్క తిన్నగా దిగేదిగా ఉంటే మంచిది, భుజం మీదికి రాదు. కాకపోతే రికాబు పట్టీ కాస్త పొడుగ్గా పెట్టుకుని స్వారీ చేయాలి. పొట్టి రికాబుతో మోకాలు రెక్క దాటి ముందుకి వస్తుంది.

వెన్నుచూపు:
ప్యాడ్ మాట. ఇరుకు జీను కింద మందపాటి ప్యాడ్ వేయడం ఇరుకు చెప్పుల్లో ఇంకో మేజోడు తొడగడమే. 16.5 కింద వేస్తే మొనల నొక్కుడు పెరుగుతుంది. జీను కాస్త వెడల్పై ముందు వాలుతున్నప్పుడు, ముందు జేబులో పలుచటి పొర పెట్టే ప్యాడ్ కొన్ని వారాలకి పనికొస్తుంది. అంతకి మించి ఆశించొద్దు.

ట్రీ లేని జీనుని నేను పూర్తిగా కొట్టిపారేయను. తేలికైన మనిషికి, మెల్లటి నడకకి, వెన్నుకి రెండు పక్కలా ఎత్తుండి మధ్యలో దారి వదిలే ప్యాడ్‌తో కలిపి అయితే తప్పేం లేదు. కానీ మీ పోనీకి మూపు లేదు. పట్టి ఉంచే ఎముక లేని గుండ్రటి వీపు మీద అది పక్కకి దొర్లుతుంది, ముఖ్యంగా ఎక్కేటప్పుడు. రికాబు మీద నిలబడితే బరువంతా పట్టీలు వేలాడే చోటే దిగుతుంది. మీకు వద్దనే అంటాను.

నాలుగుడెక్కలు:
పాతది కొంటుంటే ముందు ట్రీ చూడండి. ముందు వంపుని తొడకి ఆనించి వెనక అంచుని మీ వైపు లాగండి. స్ప్రింగు ట్రీ కొద్దిగా వంగి వదలగానే వెనక్కి వస్తుంది. కిర్రుమన్నా, ఒకే చోట మడత పడ్డట్టు వంగినా విరిగినట్టే. ముందు మొనలు రెండు చేతులతో పట్టి లోపలికీ బయటికీ ఒత్తితే ఏమాత్రం ఆడకూడదు. తర్వాత బోర్లా తిప్పి మధ్య కాలువ వెంట చూడండి: రెండు ప్యానెళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా, మూడు నాలుగు వేళ్ల వెడల్పు ముందు నుంచి వెనకదాకా ఉందా. ప్యానెల్లో ఉన్ని ఉంటే గడ్డలు తీసి మళ్లీ నింపించుకోవచ్చు, ఫోమ్ అయితే ఆ వీలు లేదు.

పోనీ మీద వేసేటప్పుడు కాస్త ముందుకి పెట్టి వెనక్కి జరపండి, తనంతట తాను ఆగే చోటు ఉంటుంది. మనిషి ఎక్కాక ముందు వంపుకీ వెన్నుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. తర్వాత అరగంట నడక, ట్రాట్, రెండు వైపులా వృత్తాలు. దిగి జీను ఎత్తగానే వీపు చూడండి. రెండు పక్కలా ఒకేలా చెమట పట్టాలి. చుట్టూ తడిగా ఉండి నడుమ అరచేయంత పొడి మచ్చ మిగిలితే అక్కడ గట్టిగా నొక్కుతోందని గానీ, అసలు ఆనడం లేదని గానీ అర్థం. ఏదో తేల్చుకోవడానికి జీను మళ్లీ వేసి ఆ చోట చెయ్యి దూర్చండి. వెనక చివర వెంట్రుకలు చెదిరి సుడి తిరిగి ఉంటే జీను ఊగుతోంది.

జీనుకుట్టు:
ఒకటి మర్చిపోయాను. కొత్తగా నింపిన ఉన్ని వాడకంతో అణుగుతుంది, అప్పుడు ముందు భాగం దిగుతుంది. మొదటి మూడు నెలలకి ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఆ అట్ట బయటి ముక్కని మళ్లీ వీపు మీద పెట్టి చూడండి. పచ్చిగడ్డి బాగా మేసే రోజుల్లో ఈ రకం పోనీలు త్వరగా ఒళ్లు చేస్తాయి. అట్ట పైన ఖాళీ కనపడి కింద కొసలు గుచ్చుకుంటుంటే పోనీ వెడల్పైందని. కొసలు వదులై పైన వెన్నుకి తగులుతుంటే చిక్కిందని.